బరువులెత్తే క్రీడ – చూచేవారి విద్య

ఉద్దేశం

క్రీడలో పాల్గొనేవారికి శిక్షణ ఎంత అవసరమో, దానిని చూచేవారికి అవగాహన అంత అవసరం. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలకు దేశవిదేశాలలో కీర్తి తెచ్చిన బరువులెత్తే క్రీడ నియమాలను మొదటిసారి చూచేవారికి పరిచయం చేయడం, ఆ నియమాల వెలుగులో ఒక ఒలింపిక్ పతకం విలువను సరిగా అంచనా వేయడం నేర్పడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

ఉత్తరాంధ్ర పల్లెలలో బలానికి గౌరవం కొత్తగా వచ్చినది కాదు. పండుగలలో, జాతరలలో యువకులు సంగిడి రాళ్ళను భుజాలకెత్తి తమ సత్తువను చాటుకోవడం, ఊరు ఊరంతా చుట్టూ చేరి కేకలతో ఉత్సాహపరచడం అక్కడివారికి పరిచితమైన వేడుక. ఈ నేలమీదనే, వీరఘట్టంలో, కోడి రామమూర్తి నాయుడు జన్మించాడు. నాటి శ్రీకాకుళం ప్రాంతపు ఆ ఊరు 2022లో జరిగిన జిల్లాల పునర్విభజనతో పార్వతీపురం మన్యం జిల్లాలో చేరింది. రామమూర్తి వ్యాయామవిద్యలో శిక్షణ పొంది, విజయనగరంలో ఉపాధ్యాయుడిగా పనిచేసి, అనంతరం సర్కస్ సంస్థను స్థాపించి ఇరవయ్యో శతాబ్ది తొలి దశాబ్దాలలో తన బలప్రదర్శనలతో జనాన్ని విస్మయపరిచాడు. ఇనుపగొలుసులను తెంచడం, ఛాతీమీద ఏనుగును నిలుపుకోవడం వంటివి ఆ ప్రదర్శనలలో ప్రసిద్ధమైనవి. ప్రజలు ఆయనను 'కలియుగ భీముడు' అని కొనియాడారు.

అయితే బలప్రదర్శన వేరు, బలానికి సంబంధించిన క్రీడ వేరు. ప్రదర్శనకు ప్రయోజనం ఆశ్చర్యం. క్రీడకు ఆధారం కొలమానం. ప్రదర్శనలో బలశాలి ఒక్కడే ఉంటాడు. క్రీడలో అతనితోపాటు ప్రత్యర్థులు, నియమాలు, న్యాయనిర్ణేతలు, గడియారం ఉంటారు. ఈ భేదం తెలియని ప్రేక్షకుడు బరువులెత్తే పోటీకి వెళితే పదిమంది ఒకరి తరువాత ఒకరు వచ్చి ఒకే పని చేసి వెళుతున్నట్లు అతనికి తోస్తుంది. ఒకరు ఎత్తినప్పుడు చప్పట్లు ఎందుకో, మరొకరు ఎత్తినా ఎర్రదీపాలు ఎందుకు వెలిగాయో బోధపడదు. కొద్దిసేపటికే విసుగు కలుగుతుంది.

అష్టావధానం చూడబోయిన కొత్తవాని స్థితి కూడా ఇటువంటిదే. నిషిద్ధాక్షరి అంటే ఏమిటో తెలియనివానికి అవధాని తడబాటు మాత్రమే కనబడుతుంది. పృచ్ఛకుడు ఏ అక్షరాన్ని అడ్డగించాడో, అవధాని ఏ దారిన తప్పించుకొన్నాడో తెలిసినవానికి అదే క్షణం పరమానందాన్ని ఇస్తుంది. నియమం తెలిసినప్పుడే సామర్థ్యం కనబడుతుంది. బరువులెత్తే క్రీడకూ ఈ సూత్రం వర్తిస్తుంది.

మొదట పరికరాన్ని గమనించాలి. నాలుగు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు గల వేదిక మధ్య ఒక ఉక్కుకడ్డీ ఉంటుంది. దీనిని 'బార్' అంటారు. పురుషుల బార్ బరువు 20 కిలోలు, స్త్రీలది 15 కిలోలు. దానికి రెండువైపులా బరువుచక్రాలను తొడిగి, అవి జారిపోకుండా ఒక్కొక్కటి రెండున్నర కిలోలుండే బిగింపులతో బిగిస్తారు. చక్రాల రంగులకు అర్థం ఉంది. ఎరుపు 25 కిలోలు, నీలం 20, పసుపు 15, ఆకుపచ్చ 10. ఈ నాలుగు రంగులను గుర్తుపెట్టుకొన్న ప్రేక్షకుడు ఫలకంమీది అంకెను చూడకుండానే బరువును లెక్కకట్టగలడు. ఉదాహరణకు స్త్రీల పోటీలో బార్, బిగింపులు కలిసి 20 కిలోలు. ఒక్కొక్కవైపు రెండేసి ఎర్రచక్రాలు ఉంటే మరో 100 కిలోలు. వాటి పక్కన అయిదేసి కిలోల చిన్నచక్రాలు చేరితే మొత్తం 130 కిలోలు. ఇది ఇరవై అయిదు కిలోల బియ్యపు బస్తాలు అయిదింటిని ఒకచోట కట్టి, దానిమీద మరో అయిదు కిలోలు పెట్టినంత బరువు.

ఈ క్రీడలో ఎత్తే పద్ధతులు రెండు. మొదటిది 'స్నాచ్'. నేలమీది బార్‌ను ఒకే ఊపులో తలపైకి చేర్చి, చేతులు పూర్తిగా చాచి నిలబడటం దీని లక్షణం. మధ్యలో ఆగడానికి వీలులేదు. రెండవది 'క్లీన్ అండ్ జెర్క్'. ఇందులో రెండు దశలున్నాయి. మొదటి దశలో బార్‌ను నేలనుండి భుజాలమీదికి తెచ్చుకొని లేచి నిలబడాలి. రెండవ దశలో మోకాళ్ళను కొద్దిగా వంచి, కాళ్ళ బలంతో ఒక్క ఉదుటున తలపైకి చేర్చాలి. మొదటి పద్ధతిలో వేగానికి, రెండవదానిలో సత్తువకు ప్రాధాన్యం ఎక్కువ. అందుచేత ఏ క్రీడాకారిణి అయినా రెండవ పద్ధతిలో మొదటిదానికంటె ఎక్కువ బరువు ఎత్తుతుంది.

ఇక్కడ కొత్త ప్రేక్షకుని కన్ను మోసపోయే విషయం ఒకటి ఉంది. చేతులు బరువును తలపైకి ఎత్తుతున్నాయని అతడు భావిస్తాడు. వాస్తవానికి కాళ్ళు, నడుము ఇచ్చిన తోపుతో బార్ కొంత ఎత్తు మాత్రమే లేస్తుంది. అది తిరిగి కిందికి దిగడానికి ముందే, కనురెప్పపాటు కాలంలో, క్రీడాకారిణి తానే దానికిందికి దూరి కూర్చుంటుంది. బరువు మనిషిపైకి వెళ్ళడం కంటె మనిషి బరువుకిందికి వెళ్ళడమే ఈ విద్యలోని రహస్యం. ఆ తరువాత గొంతుక్కూర్చున్న స్థితినుండి లేచి నిలబడటంలో కాళ్ళ సత్తువ తెలుస్తుంది. దీనిని ఒకసారి గమనించినవారు ఈ క్రీడను మొరటు బలానికి పరీక్ష అని ఎన్నడూ అనరు.

ఇక పోటీ నడిచే తీరు. పోటీదారులను శరీరబరువును బట్టి తరగతులుగా విభజిస్తారు. పోటీ ఆరంభానికి రెండు గంటల ముందు వారిని తూచి, వారు తమ తరగతి పరిమితిలో ఉన్నట్లు నిర్ధారిస్తారు. ప్రతి ఒక్కరికీ స్నాచ్‌లో మూడు, క్లీన్ అండ్ జెర్క్‌లో మూడు అవకాశాలు ఉంటాయి. ఒక్కొక్క పద్ధతిలో సఫలమైన అత్యధిక బరువును తీసుకొని, రెండింటినీ కూడగా వచ్చినదే మొత్తం. ఒక పద్ధతిలో మూడు ప్రయత్నాలూ విఫలమైతే మొత్తం అనేదే ఉండదు. ఎన్నేళ్ళ శ్రమ అయినా ఆనాటికి పట్టికలో చోటు దక్కదు.

ఏ బరువుతో ఆరంభించాలో పోటీదారే కోరుకొంటారు. అయితే బార్ బరువు పెరుగుతూ పోవలసిందే గాని తగ్గడానికి వీలులేదు. తక్కువ బరువు కోరినవారు ముందుగా, ఎక్కువ బరువు కోరినవారు తరువాత వేదికపైకి వస్తారు. పేరు పిలిచిన తరువాత ప్రయత్నం ఆరంభించడానికి ఒక నిమిషం గడువు. వెంటవెంటనే తనదే వంతు వస్తే రెండు నిమిషాలు. కోరిన బరువును నిర్ణీత సమయంలోపల మార్చుకొనే అవకాశం కూడా ఉంది. అందుచేత తెరవెనుక శిక్షకులు ప్రత్యర్థులు కోరిన అంకెలను కనిపెట్టి చూస్తూ, తమ అంకెను మారుస్తూ ఉంటారు. ఒక అంకె పెంచితే ప్రత్యర్థి ముందుగా ఎత్తవలసి వస్తుంది. తనవారికి కొంత విశ్రాంతి దొరుకుతుంది. వేదికపై బలం పోటీపడుతుంటే వేదికవెనుక బుద్ధి పోటీపడుతుందన్నమాట. ఫలకంమీద పేరు పక్కన అంకె మారినప్పుడల్లా దాని కారణాన్ని ఊహించే ప్రేక్షకునికి విసుగన్న మాటే ఉండదు.

ప్రయత్నం సఫలమో కాదో నిర్ణయించేది ముగ్గురు న్యాయనిర్ణేతలు. తెల్లదీపం సమ్మతికి, ఎర్రదీపం అసమ్మతికి గుర్తు. ముగ్గురిలో ఇద్దరు సమ్మతించాలి. బరువు తలపైకి చేరినంత మాత్రాన పని పూర్తికాదు. మోచేతులు వంగి మళ్ళీ చాచుకొన్నా, పాదాలు తప్ప శరీరంలోని ఏ భాగమైనా వేదికను తాకినా, దించమన్న సంకేతం రాకముందే బార్‌ను వదలినా అది దోషమే. పాదాలు ఒకే వరుసలోకి వచ్చి, శరీరం కదలక నిలిచిన తరువాతనే ఆ సంకేతం వెలువడుతుంది. ఎత్తడం శక్తి అయితే నిలపడం నిగ్రహం. ఈ క్రీడ రెండింటినీ కోరుతుంది.

ఈ నియమాలన్నీ ఒక్కచోట కలిసి కనిపించే ఉదాహరణ ఉత్తరాంధ్రకు చెందినదే కావడం విశేషం. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస సమీపంలోని ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లేశ్వరి పన్నెండేళ్ళ ప్రాయంలో ఈ క్రీడలో అడుగుపెట్టింది. ఆమె తొలి గురువు నీలంశెట్టి అప్పన్న. అప్పటికి ఒలింపిక్ క్రీడలలో స్త్రీలకు ఈ పోటీయే లేదు. పురుషులకు 1896 ఏథెన్స్ క్రీడలలోనే స్థానం లభించగా, స్త్రీలకు ప్రపంచపోటీలు 1987లో మొదలయ్యాయి. ఒలింపిక్ ప్రవేశం 2000 సంవత్సరంలో సిడ్నీలో లభించింది. ఈలోగా మల్లేశ్వరి 1994, 1995 సంవత్సరాలలో 54 కిలోల తరగతిలో ప్రపంచవిజేతగా నిలిచింది. సిడ్నీ నాటికి ఆమె 69 కిలోల తరగతికి మారింది. ఆమె ఎంపికను తప్పుపట్టిన విమర్శలు అప్పట్లో పత్రికలలో వచ్చాయి.

2000 సెప్టెంబరు 19న పోటీ జరిగింది. స్నాచ్‌లో మల్లేశ్వరి 110 కిలోలు ఎత్తింది. చైనాకు చెందిన లిన్ వీనింగ్ కూడా 110 కిలోలే ఎత్తింది. హంగరీకి చెందిన ఎర్జ్‌సెబెత్ మార్కుష్ 112.5 కిలోలతో ముందు నిలిచింది. క్లీన్ అండ్ జెర్క్‌లో మల్లేశ్వరి, మార్కుష్ చెరి 130 కిలోలు ఎత్తగా, లిన్ 132.5 కిలోలు ఎత్తింది. మొత్తాలు చూస్తే లిన్, మార్కుష్ ఇద్దరికీ 242.5, మల్లేశ్వరికి 240. నాటి నియమం ప్రకారం మొత్తాలు సమానమైనప్పుడు శరీరబరువు తక్కువగా ఉన్నవారిదే పైచేయి. ఆ విధంగా లిన్‌కు స్వర్ణం, మార్కుష్‌కు రజతం దక్కాయి.

మల్లేశ్వరికి మిగిలిన చివరి ప్రయత్నంలో కోరిన బరువు 137.5 కిలోలు. అంతకుముందు సఫలమైన దానికంటె ఏడున్నర కిలోలు అధికం. అప్పట్లో బరువు రెండున్నర కిలోల చొప్పున పెరిగేది. 132.5 ఎత్తితే ముగ్గురి మొత్తాలూ సమానమై, తూకమే స్థానాలను నిర్ణయించేది. 135 ఎత్తితే మొత్తం 245 అయి మిగిలిన ఇద్దరినీ దాటేది. 137.5 ఎత్తితే మొత్తం 247.5, స్వర్ణం నిస్సందేహం. కాని ఆ ప్రయత్నం సఫలం కాలేదు. 240 కిలోలతో ఆమెకు కాంస్యం లభించింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళగా ఆమె చరిత్రకెక్కింది.

ఆ చివరి అంకె సరైనదేనా అన్న చర్చ అనంతరం చాలాకాలం సాగింది. చర్చ ఎట్లున్నా, నియమాలు తెలిసిన ప్రేక్షకునికి ఒక సంగతి స్పష్టం. అంకెలు తెలియనివాడు ఆ ప్రయత్నంలో ఒక వైఫల్యాన్ని మాత్రమే చూస్తాడు. తెలిసినవాడు స్వర్ణానికి వేసిన అడుగును చూస్తాడు. ఆమె వేదికపైకి వచ్చేసరికి చేతిలోని 240ని ఎవరూ తీసివేయలేరు. విఫలమైనా సాధించినది చెక్కుచెదరదు. కాబట్టి ఆ చివరి ప్రయత్నం ఉన్నదానిని పణంగా పెట్టిన దుస్సాహసం కాదు. ఉన్నదానితో తృప్తిపడని సాహసం. స్వర్ణానికీ కాంస్యానికీ మధ్య దూరం రెండున్నర కిలోలు మాత్రమేనని గ్రహించినప్పుడు గాని ఆ కాంస్యం బరువెంతో తెలియదు.

నియమాలు కాలంతో మారుతుంటాయి. ఇప్పుడు బార్ బరువును ఒక్కొక్క కిలో చొప్పున పెంచవచ్చు. మొత్తాలు సమానమైనప్పుడు శరీరబరువును లెక్కించే పద్ధతి 2017లో తొలగిపోయింది. ఆ మొత్తాన్ని ముందుగా సాధించినవారికే ఇప్పుడు మేలుస్థానం. శరీరబరువు తరగతులు సైతం పలుమార్లు మారాయి. అయినా చిన్న అంకెకు ఉన్న పెద్ద విలువ మారలేదు. టోక్యో క్రీడలలో, 2021లో, 202 కిలోలతో రజతం గెలిచిన మీరాబాయి చాను 2024 పారిస్ క్రీడలలో 199 కిలోలు ఎత్తి నాలుగవ స్థానంలో నిలిచింది. కాంస్యం 200 కిలోలకు దక్కింది. తేడా ఒక్క కిలో.

ఫలితం విషయంలో మరొక జాగ్రత్త అవసరం. వేదికమీద ప్రకటించినదే తుదితీర్పు కాకపోవచ్చు. విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలంలోని కొండవెలగాడ బరువులెత్తే క్రీడాకారులకు పేరుపొందిన గ్రామం. ఆ ఊరి యువతి మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలలో 53 కిలోల తరగతిలో మొదట కాంస్యం అందుకొన్నది. ప్రథమస్థానంలో నిలిచిన క్రీడాకారిణి నిషిద్ధ ఔషధ పరీక్షలో దోషిగా తేలడంతో సంతోషి కాంస్యం రజతంగా మారింది. న్యాయం ఆలస్యంగానైనా జరిగింది. కాని గెలిచిన క్షణంలో, తన స్థానంలో నిలబడి అందుకోవలసిన గౌరవాన్ని ఏ సవరణా తిరిగి తెచ్చి ఇవ్వలేదు. నిషిద్ధ ఔషధం ప్రత్యర్థి పతకంతోపాటు ఆమె ఆనందఘడియను కూడా అపహరిస్తుందని ఈ సంఘటన తెలుపుతున్నది.

జిల్లాస్థాయి పోటీలకు తొలిసారి వెళ్ళే విద్యార్థి గమనించవలసినవి కొన్ని ఉన్నాయి. క్రీడాకారిణి బార్‌ను చేతపట్టి వంగినప్పుడు నిశ్శబ్దం పాటించాలి; ఆ క్షణంలో ఆమెకు కావలసింది ఏకాగ్రత. బరువు నేలను వీడిన తరువాత ఎంత ఉత్సాహపరచినా తప్పులేదు. ఎత్తిన బరువును మాత్రమే గాక, అంతకుముందు ఎత్తినదానిని, ఇంకా మిగిలిన అవకాశాలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఎర్రదీపం వెలిగితే ఏ దోషానికి వెలిగిందో వెదకాలి. ఓడినవారు ఏ అంకెకు ఓడారో అడిగి తెలుసుకోవాలి. తన శక్తికి లోబడిన బరువుతో గెలిచినవారికంటె, తన శక్తికి ఒక మెట్టు పైనున్న బరువుతో తలపడి ఓడినవారు కొన్ని సందర్భాలలో అధికంగా మన్నింపదగినవారు.

సంగిడి రాయి ఎత్తినవానిని భుజాలమీద మోసిన ఊళ్ళనుండే నేడు ఇనుపబార్ ముందు వంగి నిలిచే బాలబాలికలు వస్తున్నారు. వారి తల్లిదండ్రులలో చాలామంది ఈ పోటీని ఎన్నడూ చూడనివారే. తమ బిడ్డ ఏమి సాధించిందో పతకం చూపితే గాని తెలియని స్థితి వారిది. పతకం రాని రోజున కూడా ఆమె సాధించినదేమిటో గుర్తించగల ప్రేక్షకులు ఊరికి పదిమంది ఉంటే, ఆ బిడ్డ మరుసటి ఉదయం తిరిగి శిక్షణకు వెళ్ళడానికి అంతకుమించిన బలం అక్కరలేదు.

అభ్యాసం

అ) కింది ప్రశ్నలకు వివరంగా సమాధానాలు రాయండి.

1. బలప్రదర్శనకు, బరువులెత్తే క్రీడకు గల భేదాన్ని పాఠం ఆధారంగా వివరించండి.

2. సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో మల్లేశ్వరి చివరి ప్రయత్నాన్ని ఎట్లా అర్థం చేసుకోవాలి? అంకెల సాయంతో చర్చించండి.

ఆ) కింది ప్రశ్నలకు అయిదేసి వాక్యాలలో సమాధానాలు రాయండి.

1. స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్ పద్ధతులను పోల్చండి.

2. న్యాయనిర్ణేతలు ఏయే దోషాలను గుర్తించి ఎర్రదీపం వెలిగిస్తారు?

3. బరువులెత్తే క్రీడలో వేదికవెనుక శిక్షకుల పాత్ర ఏమిటి?

ఇ) లెక్కించి చెప్పండి.

స్త్రీల పోటీలో బార్‌కు ఒక్కొక్కవైపు ఒక ఎర్రచక్రం, ఒక పసుపుచక్రం తొడిగి బిగింపులు పెట్టారు. మొత్తం బరువెంత?

ఈ) కృత్యం

మీ ప్రాంతంలో జరిగే ఏదైనా క్రీడాపోటీని చూచి, దానిని ఎన్నడూ చూడని మీ ఇంటిలోని పెద్దలకు అర్థమయ్యేటట్లు దాని నియమాలను ఒక పుటలో రాయండి.